చచ్చిన బంటు లేచే చదరంగం

1979 జూన్‌లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బదిలీ చేశారు. హోదా బి.ఇడి. అసిస్టెంటు, గణితం. అంటే ఎనిమిది నుంచి పది వరకు లెక్కలు చెప్పేవాడు, హెడ్మాస్టరు సెలవు పెట్టిన రోజున ఆయన కుర్చీ వైపు ఆశగా చూసేవాడు అని అర్థం. నా భార్య నంద్యాలలో నర్సు. ఆమెకు బదిలీ లేదు కాబట్టి కాపురం అక్కడే ఉండిపోయింది. నేను రోజూ శిరివెళ్ల మీదుగా బస్సులో పోయి రావాలి. ఆ బస్సు చక్రాలు గుండ్రంగానే ఉన్నాయని డ్రైవరు చెప్పేవాడు. నా నడుము ఏనాడూ నమ్మలేదు.

ఆ వర్షాకాలంలోనే విద్యాశాఖ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. చదరంగం ద్వారా విద్యార్థుల ఆలోచనాశక్తిని పెంచాలి, ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి ఒక పీరియడ్ కేటాయించాలి, ఫలితాన్ని వార్షిక తనిఖీలో ఉప విద్యాధికారి స్వయంగా పరిశీలిస్తారు. ఇంతవరకు మామూలే. అసలు సంగతి చివర్లో ఉంది. పని బాగా చేసిన ఉపాధ్యాయుణ్ణి మరుసటి ఏడాది నంద్యాలలో పెట్టబోయే శిక్షణ కేంద్రానికి డెప్యుటేషన్ మీద పంపుతారట. డెప్యుటేషన్ అంటే జీతం ఈ బడిలో, పని ఆ ఊళ్లో. అంటే నాకు ఇంటి నుంచి కాలినడకన ఉద్యోగం. ఆ వాక్యం చదివి ముందు నా నడుము సంతోషించింది, తర్వాత నేను.

ఆ పదవి నాకు తప్ప ఇంకెవరికి వస్తుంది? నంద్యాలలో నేను చదరంగం బల్ల ముందు కూర్చుంటే ఎదుటివాడికి మొదటి బంటు కదపకముందే చెమటలు పట్టేవి. అది మే నెల కావడం వల్ల కూడా కావచ్చు, కానీ పట్టిన మాట నిజం. నాతో ఓడిపోని వకీలు గానీ డాక్టరు గానీ ఆ ఊళ్లో మిగల్లేదు. మిగిలినవాళ్లు నాతో ఆడలేదు.

అలాంటి నన్ను పక్కన పెట్టి హెడ్మాస్టరు ఆ పీరియడ్‌ను డ్రిల్లు మాస్టరుకు ఇచ్చాడు.

డ్రిల్లు మాస్టరు పేరు యేసురత్నం. కాగితాల్లో వ్యాయామోపాధ్యాయుడు. ఆరడుగుల మనిషి, మెడలో విజిల్, ఆ తాడుకే ఆటసామాను బీరువా తాళంచెవి. ఆయన ఆళ్లగడ్డ గ్రౌండులో "అటెన్షన్" అని అరిస్తే కోయిలకుంట్ల రోడ్డు మీద పోయే ఎద్దులు కూడా కాళ్లు దగ్గరికి జరుపుకొని నిలబడేవని చెప్పుకొనేవారు. చెప్పుకొన్నవాళ్లలో మొదటివాణ్ణి నేనే. కబడ్డీలో జిల్లాస్థాయి ఆటగాడు. చదరంగంలో మాత్రం ఏనుగుకూ శకటానికీ తేడా తెలియదు. పీరియడ్ చేతికొచ్చిన రోజున నా దగ్గరికే వచ్చి అడిగాడు.

"ఏం సారూ, ఈ గుర్రం అట్ల వంకరగా పోతాదేంది? కాలేమన్నా ఇరిగిందా దానికి?"

నేను నేరుగా హెడ్మాస్టరు గదికి పోయాను. చదరంగం ఆటా, గణితమా అన్న విషయం మీద ఆయన ఎదుట నేను చేసిన ప్రసంగం అచ్చులో పడి ఉంటే పాఠ్యపుస్తకం అయ్యేది. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఆటల పీరియడ్ అని సర్క్యులర్లో రాసినారు గదప్పా. కూచోని ఆడినా ఆట ఆటే. నీకంత ఉబలాటం ఉంటే బడి విడిచినాక ఇష్టమున్న పిల్లోళ్లకు నువ్వు చెప్పుకో. తనిఖీ రోజు ఇద్దరి పిల్లోళ్లనూ ఆఫీసరు ముందర కూచోబెడతా. ఎవురిది బాగుంటే వాళ్లు నంద్యాలకు పోండి."

పోటీ అలా ఖాయమైంది. అడవికి పంపిన ఆ జూదానికి ధర్మరాజు కూడా నా అంత ధీమాగా కూర్చొని ఉండడు.

మొదటి అడ్డంకి సామాను. బడికి ఉన్న కొయ్య చదరంగం ఒక్కటే, అది డ్రిల్లు మాస్టరు బీరువాలో ఉంది. అడగడానికి నాకు మనసొప్పలేదు. ఊరంతా ఉలి చప్పుడు వినిపించే ఆళ్లగడ్డలో నాకేం తక్కువ అనుకొని, ఒక శిల్పి ఆచారికి రాతి పావులు చెప్పాను. ఆయన తాతల నాటి నుంచి దేవుళ్లను తప్ప ఇంకొకరిని చెక్కినవాడు కాదు. వచ్చిన పావులు చూస్తే రాజుకు శంఖచక్రాలున్నాయి, మంత్రి ప్రసన్నంగా అభయహస్తం పట్టాడు, బంట్లందరూ చేతులు జోడించుకొని ఉన్నారు. ఇదేమిటని అడిగితే ఆచారి నొచ్చుకున్నాడు.

"కిరీటం పెట్టమంటివి, పెట్టినా. కిరీటం పెట్టినాక శంఖుచక్రాలు లేకుండా యాడన్నా ఉంటాడా సామీ?"

నా దగ్గర చేరిన పిల్లలు ఆరుగురు. ఒక్కొక్కరూ ఆ రాజును రెండు చేతులా ఎత్తి, కళ్లకద్దుకొని, అప్పుడు గడి మార్చేవాళ్లు. ఆటకట్టు దగ్గరికొచ్చేసరికి వెనక్కి తగ్గేవాళ్లు. సామిని కట్టేస్తే కళ్లు పోతాయి సార్ అని ఒకడు, మాయమ్మ వద్దనింది సార్ అని ఇంకొకడు. వారం తిరిగేసరికి నా బల్ల మీద ఆట ఆగిపోయింది, పూజ మొదలైంది. ఎవరో రాజు ముందు మందారపువ్వు కూడా పెట్టారు. చివరికి అభిమానం చంపుకొని నంద్యాలలోని నా సొంత చదరంగాన్ని సంచిలో పెట్టుకొని బస్సులో మోసుకొచ్చాను.

డ్రిల్లు మాస్టరుకు సామాను ఇబ్బంది లేదు. బీరువాలో కొయ్య పావులు ఉన్నా ఆయన వాటిని బయటికే తియ్యలేదు. ఒకనాటి ఉదయం నేను బస్సు దిగి బడికి వచ్చేసరికి గ్రౌండు మధ్యలో సున్నంతో బ్రహ్మాండమైన చదరంగం బల్ల గీసి ఉంది. గడి విడిచి గడిలో సున్నం చల్లారు. అందులో పావులుగా పిల్లలు నిలబడి ఉన్నారు. తలకు తువ్వాలు చుట్టుకున్నవాళ్లు ఏనుగులు, ఒంటికాలి మీద ఉన్నవాళ్లు గుర్రాలు, పలకలు పట్టుకున్నవాళ్లు శకటాలు. మంత్రికి గొడుగు, రాజుకు కుర్చీ. ఏమీ లేనివాళ్లు బంట్లు. అటొక నాయకుడు, ఇటొక నాయకుడు నిలబడి ఎత్తులు చెబుతున్నారు. మధ్యలో యేసురత్నం విజిల్ ఊదుతున్నాడు.

నేను స్టాఫ్ రూం కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ ఏడాది నేను చేసిన ఉద్యోగంలో సగం ఆ కిటికీ దగ్గరే జరిగింది. ఊచలు పట్టుకొని పట్టుకొని వాటి రంగు నా అరచేతులకు వచ్చింది.

మొదట్లో నాకు ఊరట కలిగింది. ఎందుకంటే ఆయన చెబుతున్నది చదరంగమే కాదు. ఒక పిల్లవాడు చనిపోయి గీత బయటికి వచ్చి కూర్చుంటాడు. కాసేపటికి వాళ్ల పక్షం ఎదుటివాళ్లలో ఒకణ్ణి చంపుతుంది. వెంటనే విజిల్ మోగుతుంది, బయట కూర్చున్నవాళ్లలో ఒకడు లేచి మళ్లీ లోపలికి వస్తాడు! కబడ్డీ నియమం. ఎదుటివాణ్ణి ఒకణ్ణి అవుట్ చేస్తే మనవాడు ఒకడు బతుకుతాడు కదా, దాన్ని తెచ్చి చదరంగానికి అతికించాడు. ఇక ఆ ఆట తెగేదెప్పుడు? దసరా సెలవుల ముందు మొదలుపెట్టిన ఒక ఆట సెలవులు అయిపోయాక కూడా సాగింది. ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడి ఉన్నారో పిల్లలే గుర్తుపెట్టుకొని వచ్చి మళ్లీ నిలబడ్డారు. నడుమ ఒక ఏనుగుకు గవదబిళ్లలు వస్తే వాడి చెల్లెల్ని నిలబెట్టారు.

నేను గ్రౌండులోకి దిగి, పిల్లలు వినేలాగే, చదరంగంలో చచ్చిన పావు లేవదని చెప్పాను.

యేసురత్నం విజిల్ నోట్లోంచి తీశాడు. "మరి మీ బంటు నడుచుకుంటా నడుచుకుంటా ఆ కొస గడికి పోతే, చచ్చిన మంత్రి లేస్తాడని మీరే చెప్తిరి గదా సారూ?"

"అది నియమం."

"మంత్రైతే లేయొచ్చు, మా బంటుగాడు లేస్తే తప్పా? పెద్దోళ్లకో రూలు, చిన్నోళ్లకో రూలా?"

గ్రౌండులోని బంట్లందరూ చప్పట్లు కొట్టారు. నేను కిటికీ దగ్గరికి వచ్చేశాను.

రోజులు గడిచేకొద్దీ ఊరట పోయి మంట మొదలైంది. అక్కడ ఇంకొక పద్ధతి ఉంది. ఏ పావు కదలాలన్నా, విజిల్ మోగకముందు, ఆ పావుగా నిలబడ్డ పిల్లవాడే తను పోబోయే గడిలో తనకు ఎవరి వల్ల ప్రమాదమో, తనకు తోడెవరో గట్టిగా చెప్పాలి. ఇది గొప్ప బోధనా సూత్రమేమీ కాదు. మాస్టరుకు ఎత్తులు రావు, అందుకని వాళ్లు చెప్పాలి. చెబితేనే ఆయనకు అర్థమయ్యేది, అర్థమైతేనే విజిల్ ఊదేవాడు. ఈ ఏర్పాటు వల్ల ప్రతి బంటూ వకీలైపోయింది.

వాళ్లందరిలో ఎక్కువ నోరున్నది ఎనిమిదో తరగతి ఓబులమ్మ. మా రాతి పావుల ఆచారి కూతురే. ఎప్పుడూ బంటే. ఒకసారి తమ నాయకుడు ఆమెను ముందుకు పొమ్మన్నాడు.

"ఆడికి పోతే ఆ శకటంగాడు నన్ను కొడతాడు. నన్ను చంపి ఏం సాధిస్తావ్‌రా నువ్వు?"

"వాడు నిన్ను కొడితే మన ఏనుగు వాణ్ణి కొడతాది."

"కొట్టినాక?"

"నిన్ను లేపుతాం."

"నన్నే లేపుతావని ఏం నమ్మకం? మొన్న గుర్రాన్ని లేపితివి. ముందు ఎవుర్ని లేపుతావో చెప్పు, అప్పుడు పోతా."

అప్పుడు మొదలైన చర్చ ఆఖరి పీరియడ్ బెల్లు కొట్టి, బడి విడిచినా తెగలేదు. చచ్చినవాళ్లలో ఎవరు లేస్తే ఎక్కువ ఉపయోగం? ఈ గడిలోనా, ఆ గడిలోనా? యేసురత్నం రెండు వైపులా తల తిప్పుతూ వింటున్నాడు, సంతలో బేరం చూస్తున్నట్టు. గదిలో నా ముందున్న ఆరుగురూ నా బల్ల వైపు చూడడం మానేసి కిటికీ వైపు తిరిగారు. నేను వాళ్లకు ఆరంభపు ఎత్తులను ఎక్కాల్లాగా వల్లె వేయిస్తున్నాను. పన్నెండో ఎక్కం ఎంత తప్పుల్లేకుండా వచ్చేదో, ఆ ఎత్తులూ అంత తప్పుల్లేకుండా వచ్చేవి. అయినా వాళ్ల చూపు సున్నం మీదనే.

ఇంట్లో నా భార్య ఒక రోజు అన్నం వడ్డిస్తూ అంది. "ఈ మధ్య మీరు నా పేరు కన్నా ఆ యేసురత్నం పేరే ఎక్కువ పలుకుతాండారు. ఒకసారి భోజనానికి పిలవండి, నేను కూడా చూస్తా."

పిలవలేదు.

తనిఖీ ఫిబ్రవరిలో పడింది. ఉప విద్యాధికారి చదరంగం తెలిసిన మనిషని ముందే వాకబు చేసి ఉంచాను. పోటీ కొయ్య పావులతో, బల్ల మీద, అసలు నియమాల ప్రకారం జరగాలని, చచ్చినది చచ్చినట్టే ఉండాలని హెడ్మాస్టరుకు మనవి చేసుకున్నాను. ఆయన సరే అన్నాడు. యేసురత్నం కాదంటాడని, రగడ చేస్తాడని, అది ఆఫీసరు చెవిన పడుతుందని నా లెక్క. ఆయన "కానీలే సారూ, బల్ల మీద ఆడితే పిల్లోళ్లకు ఎండన్నా తగలదు" అన్నాడు. ఆ మంచితనం నన్ను మరింత కాల్చింది.

నా తరఫున శ్రీనివాసులు. తాలూకాఫీసు గుమాస్తా కొడుకు, నోరు తెరిస్తే ఎక్కం తప్ప ఇంకో మాట రాని బంగారం. యేసురత్నం తరఫున ఓబులమ్మ. ఆఫీసరు, హెడ్మాస్టరు కుర్చీల్లో. మిగతా బడి అంతా కిటికీలకు వేలాడుతూ.

శ్రీనివాసులు చకచకా ఎత్తులు వేశాడు. ఓబులమ్మ ప్రతి ఎత్తుకూ లేచి, బల్ల చుట్టూ తిరిగి, శ్రీనివాసులు భుజం మీదుగా బల్లను చూసి, మళ్లీ తన చోటికి వచ్చి ఎత్తు వేసేది. ఇది నిషిద్ధమని నేను అన్నాను. ఆఫీసరు ఎందుకలా తిరుగుతున్నావని ఆమెనే అడిగాడు. "వాళ్ల దిక్కు నుంచి మనం ఎట్ల కనపడతామో చూడాల గదా సార్" అంది. తిరగనివ్వండి అన్నాడాయన.

నడుమ ఆమె గుర్రం పోయింది. కాసేపటికి ఆమె శ్రీనివాసులు బంటును కొట్టింది. కొట్టిన మరుక్షణం ఆమె చెయ్యి అలవాటుగా గుర్రం మీదికి పోయింది, లేపుదామని. నేను గొంతు సవరించుకున్నాను. "లేయదు గదా" అని తనలో తాను అనుకొని చెయ్యి వెనక్కి తీసుకుంది. చివరికి ఓడిపోయింది. ఆటకట్టు. శ్రీనివాసులు లేచి నిలబడి ఆఫీసరుకు నమస్కారం పెట్టాడు. నా మనసు అప్పటికే నంద్యాల బస్టాండులో దిగి ఇంటి వైపు నడుస్తోంది.

ఆఫీసరు మాత్రం లేవలేదు. ఆ శకటాన్ని అక్కడ ఎందుకు పెట్టావని శ్రీనివాసులును అడిగాడు.

"సార్ చెప్పినాడు."

"ఈ ఏనుగు?"

"దాని తర్వాత అదే వెయ్యాలని సార్ చెప్పినాడు."

"ఆ పాప గుర్రాన్ని కదపకుండా ఉంటే ఏం చేసి ఉందువు?"

శ్రీనివాసులు నా వైపు చూశాడు. నేను కనుబొమలతో, ముక్కుతో, చివరికి చెవులతో కూడా చెప్పడానికి ప్రయత్నించాను. వాడికి అందలేదు.

ఆఫీసరు ఓబులమ్మ వైపు తిరిగాడు. ఎక్కడ ఓడిపోయావో తెలుసా అన్నాడు. గుర్రం పోయినప్పుడు అంటుందని నేను అనుకున్నాను. నా అభిప్రాయమూ అదే.

"గుర్రం పోయినప్పుడు కాదు సార్. అంతకు ముందే. ఇదో, ఈ బంటును జరిపినా గదా, అప్పుడే గుర్రం వెనకాల ఎవురూ లేకుండా పోయినారు. గ్రౌండులో అయితే ఆ గుర్రమే అరిచేది, నా వెనక ఎవురున్నారని. ఇది కొయ్యది గదా, అరవలే. నేను కూడా మర్చిపోయినా."

ఆఫీసరు ఆ బంటును వెనక్కి జరిపి, గుర్రాన్ని దాని పాత గడిలో పెట్టి చూశాడు. నేనూ చూశాను. ఆమె చెప్పింది నిజం. నంద్యాల వకీళ్లను గడగడలాడించిన నాకు అది కనపడలేదు.

ఈ పిల్లకు ఎలా నేర్పారని ఆయన యేసురత్నాన్ని అడిగాడు. యేసురత్నం అటెన్షన్లో నిలబడ్డాడు. "నేనేం నేర్పలేదు సార్. నాకా ఆటే రాదు. విజిల్ ఊదుతా. వాళ్లే చెప్తాంటారు, వాళ్లే కొట్లాడుకుంటాంటారు. ఇంకేం లేదు సార్."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. తనిఖీ నివేదికలో 'పద్ధతి' అనే గడికి ఎదురుగా ఏదో రాయబోతున్నాడు. నేను నోరు మూసుకొని నిలబడితే చాలు. గెలిచిన శిష్యుడు నావాడు, ఎదుటివాడికి పద్ధతంటూ ఏమీ లేదని ఎదుటివాడే ఒప్పుకున్నాడు. నంద్యాల నాదే.

కానీ 'ఇంకేం లేదు' అన్న మాట నాకు మింగుడు పడలేదు. ఏడాది పొడవునా ఊచలు పట్టుకొని నేను కుళ్లుకున్నది దేని మీద? ఏమీ లేనిదాని మీదనా? నా అసూయకు కూడా ఒక అంతస్తు ఉంది.

"అట్లా అంటాడేమిటండీ ఆయన!" అని ముందుకు వచ్చేశాను. "లేకపోవడమేమిటి?"

తర్వాత నేను ఆపకుండా మాట్లాడాను. పిల్లవాడు తానే పావుగా నిలబడితే ప్రమాదం ఎటు నుంచి వస్తుందో వెతకక తప్పదని చెప్పాను. మాస్టరుకు అర్థమయ్యేలా చెప్పాల్సి రావడం వల్ల తన ఆలోచన తనకే తేటపడుతుందని చెప్పాను. చచ్చినవాళ్లలో ఒకణ్ణే లేపే వీలుండడం వల్ల ఎవరి విలువ ఎక్కడ ఎంత అని ప్రతిసారీ తూచవలసి వస్తుందని, ఒక్కోసారి ఏనుగు కంటే గుర్రమే పెద్దదని వాళ్లు అలా కనిపెట్టారని చెప్పాను. ఏ నెలలో ఏ మార్పు వచ్చిందో, చెల్లెలు ఏనుగైన సంగతితో సహా చెప్పాను. ఆఫీసరు రాసుకుంటూ పోయాడు. యేసురత్నం నోరు తెరుచుకొని విన్నాడు. చివర్లో ఆయన అన్న మాటను హెడ్మాస్టరు తను రిటైరైన రోజు దాకా చెప్పుకొని నవ్వాడు.

"అబ్బా! ఇదంతా నేనే చేసినానా సారూ?"

వేసవిలో ఉత్తర్వులు వచ్చాయి. నంద్యాల శిక్షణ కేంద్రానికి ఇద్దరినీ డెప్యుటేషన్ మీద వేశారు. ప్రధాన శిక్షకుడు యేసురత్నం. సహాయకుణ్ణి నేను. నా విధులు రెండు: ప్రధాన శిక్షకుని పద్ధతిని ఉపాధ్యాయులకు వివరించుట, గ్రౌండు సిద్ధం చేయుట. రెండోదానికి అర్థం మొదటి రోజు ఉదయం తెలిసింది. నా ఇంటి నుంచి పిలుపు దూరంలో ఉన్న గ్రౌండులో, నాతో ఓడిపోయిన వకీళ్లు కోర్టుకు పోతూ చూస్తుండగా, సున్నం గంప చంకన పెట్టుకొని గళ్లు గీశాను.

"గీత వంకర పోతాంది సారూ," అన్నాడు యేసురత్నం నీడలో నిలబడి. "లెక్కల మాస్టరువి, నువ్వే అట్ల గీస్తే ఎట్లప్పా?"

ఆ మధ్యాహ్నం నా భార్య ఆయన్ను భోజనానికి పిలిచింది. మూడుసార్లు పప్పు వేయించుకొని, మీవారు లేకుంటే నాకేం తెలీదమ్మా అన్నాడు. ఆ మాటలో వెటకారం ఎంత వెతికినా దొరకలేదు. దొరికి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఇరవై ఏళ్ల సర్వీసు నిండగానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఆ ఏడాది నుంచి చెప్పగలిగింది ఇంతే. పిల్లలకు సరైన ఎత్తు చెప్పేవాడు వాళ్ల ఆలోచన తానే చేసేస్తాడు, గెలుపు తప్ప వాళ్లకు ఇంకేమీ మిగలదు. మాస్టరుకు తెలియని చోట పిల్లవాడు నోరు తెరుస్తాడు, తెలిసినా తెలియనట్టు నిలబడడం అభ్యాసంతో వస్తుంది. నాకు నాలుగేళ్లు పట్టింది. ఇక సహోద్యోగి పనిని క్షుణ్ణంగా తెలుసుకోవాలంటే ఏ శిక్షణ తరగతీ అక్కర్లేదు. అతని మీద మనస్ఫూర్తిగా కుళ్లుకొని, కిటికీ దగ్గర స్థిరంగా నిలబడితే చాలు.

విజిల్ మాత్రం ఆయన ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు.